నెట్‌వర్క్ బూట్ పాఠం 5: సెక్యూర్ బూట్ ఏం చూస్తుంది, ఏం చూడదు

ఈ పాఠాల్లో మనం నెట్‌వర్క్ మీద నుంచి మెషీన్లలో డెబియన్ (ఒక లినక్స్) ఇన్‌స్టాల్ చేస్తున్నాం, అదీ సెక్యూర్ బూట్ (సరైన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌నే మొదలవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంచి. ఈసారి ప్రీసీడ్ ఫైల్ (ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకు ముందే రాసిపెట్టే జవాబులు) రాయడం మొదలుపెట్టాలనుకున్నాను. కానీ మీలో చాలామంది పోయిన పాఠంలో షిమ్ (మెషీన్ మొదట తెచ్చుకునే, సంతకం ఉన్న చిన్న లోడర్) దగ్గరే ఇరుక్కున్నారు. ఇంకొందరు బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి, "ఇప్పుడు పనిచేస్తోంది సార్" అని రాశారు. అది ఆఫ్ చేస్తే ఈ పాఠాలకు అర్థమే లేదు. ముందు దాన్ని మళ్లీ ఆన్ చేయండి, ఆ తర్వాత ఈ చిక్కులు ఒక్కొక్కటీ విప్పుదాం.

ఎక్కువమందికి వచ్చింది ఒకటే సమస్య. షిమ్ దిగింది, తర్వాత గ్రబ్ (కెర్నల్‌ని, అంటే లినక్స్ అసలు కేంద్రాన్ని, లోడ్ చేసే ప్రోగ్రామ్) ఖాళీ ప్రాంప్ట్ చూపించి ఆగిపోయింది. మీరు హార్డ్‌డిస్క్‌లో ఉన్న గ్రబ్ ఫైల్‌ని తెచ్చి సర్వర్‌లో పెట్టారు. డెబియన్‌లో సంతకం చేసిన గ్రబ్‌లు వేర్వేరుగా ఉంటాయి. డిస్క్ నుంచి బూట్ అయ్యేదానికి నెట్‌వర్క్ మీద ఫైల్ తెచ్చుకోవడం రాదు. మీకు కావలసింది పేరులో 'నెట్' ఉన్నది, గ్రబ్‌నెట్‌ఎక్స్64. దాన్ని అదే పేరుతో వదిలేసినా పని జరగదు. షిమ్ తను ఉన్న ఫోల్డర్‌లోనే గ్రబ్‌ఎక్స్64 అనే పేరు కోసం వెతుకుతుంది, కాబట్టి కాపీ చేసేటప్పుడే ఆ పేరు పెట్టాలి.

రెండోది, కొన్ని మెషీన్లకు షిమ్ బదులు పాత బయోస్ లోడర్ వెళ్లడం. డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్‌లో మెషీన్‌కి అడ్రస్, బూట్ ఫైల్ పేరు ఇచ్చే పద్ధతి) సర్వర్‌ని అడిగేటప్పుడు మెషీన్ తన రకాన్ని 93వ ఆప్షన్‌లో చెబుతుంది. పాత బయోస్ అయితే 0, 64 బిట్ యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్, అంటే మెషీన్‌లోనే ఉండే మొదటి ప్రోగ్రామ్) అయితే మామూలుగా 7. కొన్ని 9 అని చెబుతాయి కాబట్టి నేను 9కి కూడా షిమ్ పేరే ఇచ్చేస్తాను, తర్వాత వెతుక్కునే పని ఉండదు.

మూడోది, షిమ్‌కే 'సెక్యూరిటీ వయొలేషన్' రావడం. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ థర్డ్ పార్టీ సర్టిఫికెట్‌ని నమ్మే ఆప్షన్ ఫ్యాక్టరీ నుంచే ఆఫ్‌లో వస్తుంది. షిమ్ మీద సంతకం ఆ సర్టిఫికెట్‌దే. ఆ ఒక్క ఆప్షన్ ఆన్ చేస్తే చాలు, సెక్యూర్ బూట్‌ని ముట్టుకోనక్కర్లేదు.

ఇక ఈ పాఠంలో నాకు ముఖ్యమైన విషయం. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది కదా, ఇన్‌స్టలేషన్ మొత్తం భద్రంగా జరుగుతుంది అని అనుభవం ఉన్నవాళ్లు కూడా అనుకుంటారు. అది నిజం కాదు. ఫర్మ్‌వేర్ షిమ్ సంతకాన్ని చూస్తుంది. షిమ్ గ్రబ్‌ని చూస్తుంది. గ్రబ్ షిమ్ సాయంతో కెర్నల్‌ని చూస్తుంది. అంతటితో సరి. గ్రబ్ కాన్ఫిగ్ ఫైల్‌కి సంతకం లేదు. కెర్నల్‌కి ఇచ్చే కమాండ్ లైన్‌కి (మొదలయ్యేటప్పుడు ఇచ్చే సూచనలకు) లేదు. ప్రీసీడ్‌కి లేదు. అన్నిటికన్నా పెద్దది, ఇనిట్‌ఆర్‌డీకి (కెర్నల్‌తో పాటు మెమరీలోకి వచ్చే ఫైళ్ల మూటకి) కూడా లేదు. గేటు దగ్గర ఐడీ కార్డు చూసి, చేతిలో సంచి చూడకుండా పంపినట్టు.

ఇనిట్‌ఆర్‌డీ గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, డెబియన్ ఇన్‌స్టాలర్ అంటేనే ఆ ఫైల్. ప్యాకేజీల సంతకాలు సరిచూసే డెబియన్ తాళంచెవులు కూడా అందులోనే ఉంటాయి. ఆ తాళంచెవులు అసలువైతే ప్యాకేజీలు మామూలు హెచ్‌టీటీపీలో వచ్చినా భయం లేదు. అవే మారిపోతే ఎవడో తయారుచేసిన ప్యాకేజీ కూడా 'సరైనదే' అనిపించుకుంటుంది. ఈ బూట్ ఫైళ్లు దిగే టీఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు. అదే నెట్‌వర్క్‌లో ఇంకొకడు డీహెచ్‌సీపీకి ముందుగా జవాబిస్తే, మెషీన్ వాడి సర్వర్‌కే పోతుంది. వాడు అసలు షిమ్, అసలు గ్రబ్, అసలు కెర్నల్ ఇచ్చి, ఇనిట్‌ఆర్‌డీ మాత్రం తనది పెడతాడు. స్క్రీన్ మీద ఒక్క ఎర్రర్ కూడా రాదు.

ప్రీసీడ్‌కి చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో తేల్చే సంఖ్య) ఇస్తే సరిపోదా అని కొందరు అడిగారు. ఆ చెక్‌సమ్‌ని మీరు రాసేది గ్రబ్ కాన్ఫిగ్‌లో. అదీ అదే టీఎఫ్‌టీపీలో వస్తుంది. ప్రీసీడ్ మార్చగలిగినవాడు దాన్నీ మారుస్తాడు. 2020లో బయటపడిన బూట్‌హోల్ లోపం కూడా ఇక్కడిదే: సంతకం లేని గ్రబ్ కాన్ఫిగ్‌ని చదివే కోడ్‌లో తప్పు ఉండటంతో, ఆ ఒక్క ఫైల్ మార్చి సెక్యూర్ బూట్‌ని దాటిపోగలిగే పరిస్థితి వచ్చింది.

నా పద్ధతి గ్రబ్‌నే తీసేయడం. కెర్నల్, ఇనిట్‌ఆర్‌డీ, కమాండ్ లైన్ మూడింటినీ యూకిఫై అనే టూల్‌తో ఒకే ఈఎఫ్ఐ ఫైల్‌గా కట్టి, నా సొంత తాళంచెవితో సంతకం చేస్తాను. దానికి గ్రబ్‌ఎక్స్64 అని పేరు పెడితే షిమ్ దాన్నే తెచ్చుకుంటుంది. ప్రతి మెషీన్‌లోనూ ఆ తాళంచెవి సర్టిఫికెట్‌ని ఒకసారి నమోదు చేయాలి. ల్యాబ్‌లో మెషీన్లు ఎక్కువుంటే అది విసుగే, కానీ ఒక్కసారి చేసే పని. ప్రీసీడ్ ఫైల్‌ని ఇనిట్‌ఆర్‌డీ రూట్‌లో పెడితే ఇన్‌స్టాలర్ తనంతట తనే చదువుకుంటుంది, అదీ సంతకం కిందికి వచ్చేస్తుంది. ఫైల్ పెద్దది కాబట్టి టీఎఫ్‌టీపీలో నెమ్మదిగా దిగుతుంది, కంగారు పడకండి. దీనికి తోడు ఇన్‌స్టలేషన్‌కి వేరే వీల్యాన్ (అదే స్విచ్‌లో విడిగా కత్తిరించిన నెట్‌వర్క్) పెట్టి, స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (మీ సర్వర్ కాకుండా ఇంకెవరూ డీహెచ్‌సీపీ జవాబు ఇవ్వకుండా ఆపేది) ఆన్ చేయండి.

సంతకం చేసిన ఫైల్‌ని కూడా ఎవరైనా దింపుకుని విప్పి చూడగలరు. అందుకే ప్రీసీడ్‌లో రూట్ పాస్‌వర్డ్ గానీ, దాని హ్యాష్ (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన గుర్తు) గానీ పెట్టొద్దు. ఎన్‌క్రిప్టెడ్ పాస్‌వర్డ్ అడిగేచోట ఒక్క ఆశ్చర్యార్థకం పెడితే ఆ అకౌంట్ పాస్‌వర్డ్‌తో తెరుచుకోదు. లోపలికి వెళ్లడానికి మీ ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) పబ్లిక్ కీని లేట్ కమాండ్‌లో (ఇన్‌స్టలేషన్ చివర నడిచే ప్రీసీడ్ ఆదేశంలో) రాయించండి.

అభ్యాసం కష్టమైనదే, అయినా చేయండి. వర్చువల్ మెషీన్‌లో, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంచి, పోయిన పాఠంలోని గ్రబ్ అమరికతోనే మొదలుపెట్టండి. కెర్నల్ ఫైల్ మధ్యలో ఒక్క బైటు మార్చి బూట్ చేయండి. గ్రబ్ 'బ్యాడ్ షిమ్ సిగ్నేచర్' అని ఆగాలి. కెర్నల్‌ని సరిచేసి, ఈసారి ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌ని సీపీఐఓ అనే మూటకట్టే టూల్‌తో కట్టి, జీజిప్‌తో కుదించి, ఇనిట్‌ఆర్‌డీ చివర అతికించండి. ఇన్‌స్టాలర్ మామూలుగా తెరుచుకుంటుంది. ఆల్ట్ ఎఫ్2 నొక్కి రెండో కన్సోల్‌లో మీ ఫైల్ ఉందో లేదో చూడండి. తర్వాత అదే ఇనిట్‌ఆర్‌డీని యూకిఫైతో కట్టి సంతకం చేసి, ఆ ఫైల్‌లో ఒక బైటు మార్చి మళ్లీ బూట్ చేయండి. మూడుసార్లూ స్క్రీన్ మీద ఏం వచ్చిందో ఉన్నదున్నట్టు రాసి పంపండి, ఆరో పాఠం వాటితోనే మొదలుపెడతాను.