జీఎఫ్‌పీ తగిలించాక ప్రొటీన్ తీరు మారిందా? సమస్య - పరిష్కారం

కణంలో ఒక ప్రొటీన్ ఎక్కడుందో చూడటానికి దానికి తగిలించే, పచ్చగా వెలిగే ప్రొటీన్ ట్యాగే జీఎఫ్‌పీ. ఇందులో 238 అమైనో ఆమ్లాలు, బరువు దాదాపు 27 కిలోడాల్టన్లు. ఒక్కోసారి మనం గమనించాలనుకున్న ప్రొటీన్ కంటే ఈ ట్యాగే పెద్దది. అందుకే మైక్రోస్కోపులో వింతగా ఏదైనా కనిపిస్తే ముందు ట్యాగునే అనుమానించండి.

సమస్య: ప్రొటీన్ చుక్కలుగానో, తీగల్లానో కనిపిస్తోంది.

కారణం: చాలాసార్లు ట్యాగులు ఒకదాన్నొకటి పట్టుకోవడమే. మామూలు జీఎఫ్‌పీకి జంటకట్టే గుణం కొద్దిగా ఉంది. డీఎస్‌రెడ్ అనే ఎర్ర ట్యాగ్ నాలుగేసి కలిసే ఉంటుంది. అసలు ప్రొటీన్ కూడా గుంపుకట్టే రకమైతే చెప్పనక్కర్లేదు. ఈ.కోలై బ్యాక్టీరియాలో ఎంఆర్‌ఈబీ అనే ప్రొటీన్ కణం పొడవునా స్ప్రింగులా చుట్టుకుంటుందని చాలాకాలం నమ్మారు. కణం ఆకారం మీద ఎన్నో సిద్ధాంతాలు ఆ చుట్ల మీదే నిలబడ్డాయి. 2012లో స్వూలియస్, జెన్సెన్ అనే శాస్త్రవేత్తలు క్రయో ఎలక్ట్రాన్ టోమోగ్రఫీతో (గడ్డకట్టించిన కణాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో త్రీడీగా చూసే పద్ధతి) చూశారు. ఎన్-కొసన (ప్రొటీన్ మొదటి కొసన) వైఎఫ్‌పీ అనే పసుపు ట్యాగ్ ఉన్నప్పుడు చుట్లు ఉన్నాయి. ట్యాగ్ లేని ఎంఆర్‌ఈబీని అంతే మోతాదులో తయారు చేయించినా చుట్లు రాలేదు. ఎంచెర్రీ అనే ఎర్ర ట్యాగును ప్రొటీన్ లోపలి లూపులో పెట్టినప్పుడూ రాలేదు. మోతాదు సమానంగా ఉంచడమే ఈ ప్రయోగానికి ప్రాణం. లేకపోతే తప్పు ట్యాగుదా, అతి ఉత్పత్తిదా తేలేది కాదు.

పరిష్కారం: ఏ206కే అనే మార్పుతో జంటకట్టకుండా చేసిన మోనోమర్ (ఒంటరిగా ఉండే) జీఎఫ్‌పీ వాడండి. ట్యాగ్ చోటు మార్చి చూడండి. ట్యాగ్ లేని ప్రొటీన్‌ను యాంటీబాడీతో చూసి పోల్చండి. అన్నిటికంటే ముఖ్యం, అసలు జన్యువు తీసేసిన కణాల్లో ట్యాగ్ ఉన్న ప్రొటీన్ ఆ లోటు తీరుస్తోందో లేదో పరీక్షించండి. ఇది చేయని బొమ్మను నేనైతే నమ్మను.

సమస్య: పొరకు చేరాల్సిన ప్రొటీన్ చేరడం లేదు.

కారణం, పరిష్కారం: చిరునామా ఉన్న కొసను ట్యాగ్ మూసేసింది. రాస్ అనే ప్రొటీన్‌కు సీ-కొసన (చివరి కొసన) లిపిడ్, అంటే కొవ్వు అణువు, అతుకుతుంది, ఎల్‌సీ3 అనే ప్రొటీన్‌కు ఆ కొస తెగుతుంది. రెండింటికీ ట్యాగ్ ఎన్-కొసనే పెట్టాలి. ఎన్-కొసన సిగ్నల్ పెప్టైడ్ (ప్రొటీన్ ఎటు వెళ్లాలో చెప్పే ముక్క) ఉంటే దాని తర్వాత పెట్టండి.

సమస్య: కణమంతా, కేంద్రకంతో సహా వెలుగుతోంది.

కారణం, పరిష్కారం: ట్యాగ్ తెగిపోయి ఉండొచ్చు, విడి జీఎఫ్‌పీ కేంద్రక రంధ్రాల గుండా దూరిపోగలదు. జీఎఫ్‌పీ యాంటీబాడీతో వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను బరువును బట్టి వేరుచేసి యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) చేయండి. 27 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ వస్తే లింకర్ (ట్యాగునూ ప్రొటీన్‌నూ కలిపే ముక్క) మార్చాలి.

సమస్య: లైసోజోముల్లో (కణంలో వ్యర్థాలను అరిగించే సంచుల్లో) వెలుగు లేదు.

కారణం: ఈజీఎఫ్‌పీ (మెరుగుపరచిన జీఎఫ్‌పీ) పీకేఏ సుమారు 6, అంటే పీహెచ్ 6 దగ్గరే దాని వెలుగు సగానికి పడిపోతుంది. లైసోజోముల ఆమ్లంలో అది ఆరిపోతుంది, ప్రొటీన్ మాత్రం అక్కడే ఉండొచ్చు.

పరిష్కారం: ఆమ్లాన్ని తట్టుకునే ఎంచెర్రీ వాడండి. కానీ అది అక్కడి ఎంజైములకూ అంత తేలిగ్గా లొంగదు. అసలు ప్రొటీన్ అరిగిపోయాక కూడా ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది. కాబట్టి ఆ ప్రొటీన్ యాంటీబాడీతోనే వెస్టర్న్ బ్లాట్ చేసి, అది ఇంకా మిగిలి ఉందో లేదో చూడండి.