స్టాన్‌ఫర్డ్ వ్యాసాన్ని ఉటంకించే ముందు

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలోనో, సంస్కృత విశ్వవిద్యాలయంలోనో తత్త్వ దర్శనాల మీద పరిశోధన చేస్తున్నవాళ్లకు ఒక మాట. 1995లో మొదలైన స్టాన్‌ఫర్డ్ తత్త్వశాస్త్ర విజ్ఞాన సర్వస్వం ఉచితం, నమ్మదగింది. చిక్కల్లా అందులోని వ్యాసాలు మారుతుండటమే. రచయిత సవరించగానే అదే లింకులో కొత్త పాఠం వచ్చి కూర్చుంటుంది. థీసిస్‌లో మీరెత్తి రాసిన వాక్యం వైవా నాటికి అక్కడ ఉండకపోవచ్చు.

అందుకని బ్రౌజర్‌లో పైనున్న లింకును కాపీ చేయకండి. పక్క మెనూలో 'ఆథర్ అండ్ సైటేషన్ ఇన్ఫో' నొక్కండి. ఏడాదికి నాలుగుసార్లు, స్ప్రింగ్, సమ్మర్, ఫాల్, వింటర్ పేర్లతో భద్రపరిచే ప్రతికి లింకు అక్కడ దొరుకుతుంది. అది మారదు. పేజీ నంబర్లు ఉండవు కాబట్టి సెక్షన్ నంబరు ఇవ్వండి. ప్రింటవుట్‌లో పడ్డ పేజీ నంబరు ఇస్తే ఎవరికీ పనికిరాదు.

శీర్షిక కింద రెండు తేదీలుంటాయి: మొదటి ప్రచురణ, ముఖ్య సవరణ. సవరణ పాతదైతే తర్వాత వచ్చిన చర్చ అందులో ఉండదు. అప్పుడు వ్యాసం చివర 'అకడమిక్ టూల్స్'లో ఉన్న ఫిల్‌పేపర్స్ (తత్త్వశాస్త్ర రచనల ఆన్‌లైన్ సూచిక) లింకు పట్టుకోండి. బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుడి మీద రాసేవాళ్లు మూల శ్లోకాన్ని మాత్రం ఇక్కడి అనువాదం నుంచి తీసుకోవద్దు, ముద్రిత ప్రతితో సరిచూసుకోవాల్సిందే.

పీడీఎఫ్ చందాదారులకే ఇస్తారు. చందా లేకపోతే బ్రౌజర్‌లో ప్రింట్ నొక్కి 'సేవ్ యాజ్ పీడీఎఫ్' ఎంచుకుంటే చాలు. జిరాక్స్ షాపుకు పంపేముందు గ్రంథసూచి పేజీలు తీసేయండి, బోలెడు కాగితం మిగులుతుంది.