తలనొప్పితో బారాలాచా దాటవద్దు: మనాలి–లేహ్ సైకిల్ యాత్రకు బయలుదేరేవారికి

గత సెప్టెంబరులో, సర్చు గుడారాల దగ్గర, రాత్రి ఒంటిగంట వేళ మా బృందంలోని ఒక యువకుడు మూత్రానికని బయటికి వెళ్లి తన గుడారం గుర్తుపట్టలేకపోయాడు. అది పది అడుగుల దూరంలో ఉంది. టార్చి వేసి చూస్తే తూలుతున్నాడు. బూటు లేసు కట్టుకొమ్మంటే రెండు కొసలూ చేతిలో పట్టుకుని వాటివైపే చూస్తూ ఉండిపోయాడు. అప్పటిదాకా ప్రతిరోజూ మా అందరికన్నా ముందు తొక్కినవాడు అతనే. తెల్లవారేదాకా ఆగలేదు. వ్యానులో పడుకోబెట్టి బారాలాచా కనుమ మీదుగా వెనక్కి, కేలాంగ్ ఆసుపత్రికి తీసుకువెళ్లాం. కనుమ మీదికి చేరేసరికి పిలిస్తే పలకడం మానేశాడు. దిగువకు వెళ్లేకొద్దీ మళ్లీ పలికాడు. బతికాడు. రెండో రోజు ఆసుపత్రి మంచం మీద అసలు సంగతి చెప్పాడు: జిస్పా దాటిన సాయంత్రం నుంచే తలనొప్పి ఉందట. మాత్రలు వేసుకుంటూ వచ్చాడట. ఎవరికీ చెప్పలేదట.

మంచు తొలగించి దారి తెరిస్తే మళ్లీ హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి బృందాలు బయలుదేరతాయి. హెల్మెట్, చలిబట్టలు, చలువ కళ్లద్దాల సంగతి నిర్వాహకులు పంపే కాగితంలో ఉంటుంది కాబట్టి నేను మళ్లీ రాయను. ఆ దారిలో నేను నాలుగుసార్లు వెళ్లాను, చివరి రెండుసార్లు బృందానికి సాయంగా. ఎత్తు వల్ల వచ్చే జబ్బుతో కుప్పకూలినవారిని ముగ్గురిని చూశాను. ముగ్గురూ దిట్టమైన మనుషులే. ముగ్గురూ తలనొప్పిని దాచారు.

ఎత్తుల లెక్క

మనాలి 2,050 మీటర్లు, లేహ్ 3,500 మీటర్లు. ఈ రెండు అంకెలే చూసి చాలామంది ధైర్యపడతారు. మధ్యలో దాటవలసిన కనుమలు వేరు: బారాలాచా 4,890, నకీలా 4,740, లాచులుంగ్‌లా సుమారు 5,060, తంగ్లాంగ్‌లా 5,328 మీటర్లు. 5,000 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో సగం కన్నా కొంచెమే ఎక్కువ. అనంతగిరి ఘాట్ మీద ఆరు నెలలు సాధన చేసినా దీనికి సిద్ధం కాలేం. ఆంధ్రప్రదేశ్‌లో అతి ఎత్తైన కొండలు కూడా 1,700 మీటర్ల లోపే. ఆ సాధనతో కాళ్లు గట్టిపడతాయి. తక్కువ ఆక్సిజన్‌కు శరీరం అలవాటుపడటం మాత్రం అక్కడికి వెళ్లాకే, రోజుల తరబడి జరుగుతుంది. కాళ్లలో బలం ఉన్నవారు త్వరగా పైకి చేరతారు, ఎత్తుకు శరీరం అలవాటుపడకముందే. అందుకే ఈ జబ్బు చాలాసార్లు బృందంలో అందరికన్నా చురుకైనవారినే ముందు పట్టుకుంటుంది.

వైద్యులు చెప్పే సూత్రం ఇది: 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందు రాత్రి కన్నా 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకు ఒక రోజు విశ్రాంతి ఉండాలి. ఇప్పుడు మీ యాత్ర పట్టిక తీసి చూడండి. జిస్పా సుమారు 3,200, సర్చు సుమారు 4,290. బారాలాచాకు ముందు వచ్చే జింగ్ జింగ్ బార్‌లో ఒక రాత్రి ఆపినా ప్రయోజనం తక్కువ, అదీ దాదాపు సర్చు అంత ఎత్తులోనే ఉంది. అంటే ఒక్క రోజులో వెయ్యి మీటర్లు పైకి తీసుకువెళుతున్నారు. జిస్పాలో రెండు రాత్రులు, తర్వాత జిస్పాకూ జింగ్ జింగ్ బార్‌కూ మధ్యనున్న పట్సియో దగ్గర ఒక రాత్రి అడగండి. అదనపు ఖర్చు అవుతుందంటే అందరూ పంచుకోండి. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచాక కొన్ని బృందాలు సైకిళ్లను వ్యానులో సొరంగం అవతలి లాహౌల్ చేర్చి అక్కడి నుంచి మొదలుపెడుతున్నాయి. రోహ్‌తాంగ్ కనుమ మీదుగా తొక్కుతూ వెళితే శరీరానికి దొరికే రెండు రోజుల గడువు అలా పోతుంది. అటువంటి పట్టికైతే జిస్పాలో ఇంకో రాత్రి కలపమనండి.

సర్చు నుంచి ఎటు దిగుతారు?

ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు అసలు మందు కిందికి దిగడమే. వేరే కొండల్లో వెనక్కి తిరిగితే చాలు, దిగుడే. ఈ దారిలో అలా కుదరదు. సర్చుకు ఒక వైపు బారాలాచా, మరో వైపు నకీలా, లాచులుంగ్‌లా. ఎటు వెళ్లాలన్నా ముందు ఇంకా పైకి ఎక్కాలి. పాంగ్ ఇంకా కష్టం. సుమారు 4,600 మీటర్ల ఎత్తున, లాచులుంగ్‌లాకూ తంగ్లాంగ్‌లాకూ మధ్య చిక్కుకున్న చోటు అది. అక్కడ సైనిక శిబిరం ఉండటం ఒక్కటే ఊరట.

అందువల్ల నోరు విప్పి చెప్పవలసిన చోటు సర్చు కాదు. జిస్పాలో చెప్పాలి, పట్సియోలో చెప్పాలి, ఆఖరికి జింగ్ జింగ్ బార్‌లో చెప్పాలి. అక్కడి నుంచి వెనక్కి తిరిగితే నిజంగా దిగుడే, గంటన్నరలో వెయ్యి మీటర్లు కిందికి వస్తారు. తలనొప్పితో బారాలాచా దాటవద్దు. మాత్ర వేసుకోవడంలో తప్పు లేదు. మాత్ర వేసుకుని నొప్పి తగ్గిందని ఇంకా పైకి ఎక్కడమే మనుషులను ఆసుపత్రికి పంపుతున్నది. ఒక రోజు ఆగండి. మాత్ర లేకుండానే తల తేలికైతే కదలండి. తగ్గకపోతే దిగండి.

ఎందుకు దాస్తారో నాకు తెలుసు, మొదటిసారి నేనూ దాచాను. సెలవు దొరకడమే గగనం. డబ్బు ముందే కట్టేశాం. మన ఒక్కరి కోసం పన్నెండు మంది ఆగిపోతారని మొహమాటం. అన్నిటికన్నా, ‘వ్యాను ఎక్కాడు’ అన్న మాట పడకూడదన్న పంతం. ఇంకో కారణం ఎవరూ గమనించరు: భాష. గైడ్లు ఎక్కువగా హిమాచల్, లద్దాఖ్, నేపాల్ వారు. పొద్దున్నే హిందీలో ‘ఠీక్ హో?’ అని అడుగుతారు. హిందీ అంతగా రాని మన పెద్దవారు ‘ఠీక్ హై’ అనేసి ఊరుకుంటారు. ‘సిర్ దర్ద్ హై’ అంటే తలనొప్పిగా ఉంది, ‘చక్కర్ ఆ రహా హై’ అంటే తల తిరుగుతోంది. ఈ రెండు వాక్యాలు బయలుదేరేముందే నేర్చుకోండి. మీ నాన్నగారినో మామయ్యగారినో వెంట తీసుకువెళుతుంటే వారికీ నేర్పండి.

డబ్బు కట్టకముందు నిర్వాహకులను అడగవలసినవి

వ్యాను రాత్రంతా బృందంతోనే ఉంటుందా, లేక సామాను దించి ముందుకు వెళ్లిపోతుందా? ఆక్సిజన్ అంటే రెగ్యులేటరున్న ఇనుప సిలిండరా, కొన్ని నిమిషాల్లో అయిపోయే చేతి డబ్బానా? మనాలిలో మీరే మీటరు ముల్లు చూడండి. ఒకరికి బాగా లేకపోతే ఒక గైడు అతనితో వెనక్కి వెళతాడా, మిగతావారికి ఇంకొకరు ఉంటారా? ఒక్క గైడే ఉన్న బృందంలో చేరవద్దు. వెనక్కి వెళితే నడిపించేవారు ఉండరని రోగి దాస్తాడు, మిగతావారు ఆగిపోతారని గైడు చూసీచూడనట్టు ఉంటాడు. బీమా పత్రంలో ఎత్తు పరిమితి ఎంతో, సైకిల్ యాత్ర వర్తిస్తుందో లేదో చదవండి. చాలా పత్రాల్లో సాహస క్రీడలను మినహాయిస్తారు.

ఎసిటజోలమైడ్ మాత్ర గురించి మీ వైద్యుణ్ని అడగండి. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎత్తుకు బయలుదేరే ముందురోజు నుంచి వాడమంటారు. సల్ఫా మందులు పడనివారు ఆ మాట తప్పకుండా చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువ కావడం ఉంటాయి కాబట్టి ఇంటి దగ్గరే ఒకసారి వాడి చూసుకోండి. ఆ మాత్ర శరీరం అలవాటుపడటానికి తోడ్పడుతుంది, తలనొప్పిని భరిస్తూ ముందుకు వెళ్లడానికి అనుమతి ఇవ్వదు.

దారిలో

పొద్దున, సాయంత్రం గుడారంలో పక్కనున్నవారు ఒకరినొకరు నాలుగు మాటలు అడగాలి: తల నొప్పిగా ఉందా, వాంతి వచ్చేలా ఉందా, అన్నం సయిస్తోందా, తల తిరుగుతోందా. గైడు అడిగితే దాచేవారు పక్కనున్న స్నేహితుడికి చెబుతారు.

అనుమానం ఉంటే సరళరేఖ మీద నడిపించండి, మడమకు బొటనవేలు తాకిస్తూ. తడబడితే ఇక చర్చ వద్దు, దించండి.

కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, వెల్లకిలా పడుకోలేకపోవడం, పెదవులు నీలంగా మారడం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న గుర్తులు. జలుబు అనుకోవద్దు.

వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరును చూసి ధైర్యపడవద్దు. చలికి వేళ్లు బిగుసుకుంటే అంకె తప్పు చూపుతుంది. అంకె బాగుండి మనిషి బాగా లేకపోతే మనిషినే నమ్మండి.

మద్యం వద్దు. నిద్రమాత్రలు వద్దు.

వాగులు పొద్దున్నే దాటండి. ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి నీటి మట్టం పెరుగుతుంది. సైకిల్ దిగి నడిపించండి, నీళ్లలో తొక్కవద్దు.

తంగ్లాంగ్‌లా నుంచి రుమ్‌త్సే వైపు దిగేముందు బ్రేకు ప్యాడ్లు చూసుకోండి. ఒకే పట్టు పట్టి ఉంచవద్దు, పట్టి వదలండి. వేళ్లు మొద్దుబారితే ఆగి చంకలో వెచ్చబరచుకోండి. ముందువారిని అందుకోవాలని చూడవద్దు.

తాండిలో వ్యాను ట్యాంకు నిండిందో లేదో చూడండి. తర్వాత చాలా దూరం బంకు ఉండదు.

చాలాచోట్ల ఫోను సిగ్నల్ అందదు. ఇంట్లోవారికి ఆ సంగతి ముందే చెప్పండి. లేకపోతే సిగ్నల్ కోసమని జబ్బుతోనే ముందుకు పోయేవారు ఉంటారు.

వ్యాను ఎక్కినవారిని ఎగతాళి చేయవద్దు. చేసినవారిని అక్కడికక్కడే అందరి ముందూ మందలించండి. ఆ ఒక్క నవ్వు వల్ల మరునాడు ఇంకొకరు తలనొప్పి దాస్తారు.

తలనొప్పితో బారాలాచా దాటవద్దు. రెండోసారి రాస్తున్నాను, జింగ్ జింగ్ బార్‌లో మీ గైడుతో కూడా పైకి అనిపించండి.

జబ్బుపడినవారిని ఒంటరిగా పంపవద్దు, గుడారంలో ఒంటరిగా వదలవద్దు. ‘నిద్రపోతే తగ్గుతుంది’ అని వారు అన్నా వినవద్దు.

రాత్రి పక్కనున్నవారిని పిలవండి. పొంతన లేని జవాబు వస్తే గైడును లేపండి, డ్రైవరును లేపండి. రాత్రి రెండైనా, మంచు కురుస్తున్నా లేపండి.