విదేశీ ఒప్పందాలపై మన ఎంపీ చేత ప్రశ్న అడిగించడం ఎలా?

చిత్తూరు తోతాపురి మామిడి గుజ్జు విదేశాలకు ఎగుమతి అవుతుంది కనుక, వాణిజ్య ఒప్పందాల చర్చలు రహస్యంగా సాగడం ఇక్కడి రైతుకు దూరపు సంగతి కాదు. మన దేశంలో ఒప్పందంపై సంతకానికి పార్లమెంటు ముందస్తు ఆమోదం అవసరం లేదు. అమలుకు చట్టం కావలసివస్తేనే రాజ్యాంగంలోని 253వ అధికరణం కింద అది సభ ముందుకు వస్తుంది. అందువల్ల చర్చలు నడుస్తుండగానే మీ చిత్తూరు లేదా తిరుపతి ఎంపీకి లేఖ రాయండి.

లోక్‌సభలో ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. చర్చల్లో ఏం మాట్లాడారని అడిగితే, రహస్యమంటూ ప్రభుత్వం జవాబు నిరాకరించవచ్చు. అలా కాక, ఒప్పందం చేసుకోబోయే దేశం మామిడి గుజ్జుపై ఇప్పుడు వేస్తున్న సుంకం ఎంత, రైతు సంఘాలను ఎప్పుడు సంప్రదించారు అని అడిగితే దాటవేయడం కష్టం. నా దృష్టిలో ఈ పదాల ఎంపికే అసలైన పని. స్థాయీ సంఘాల (ఎంపీలతో కూడిన పార్లమెంటు కమిటీల) సమావేశాలు గోప్యంగా జరిగినా, సభకు సమర్పించిన నివేదికలు అందరికీ దొరుకుతాయి. లేఖ రాసే ముందు వాటిని తప్పక చదవండి.

మీరే నేరుగా సమాచారం కోరాలంటే, సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు. విదేశీ సంబంధాల పేరిట సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(ఎ) కింద తిరస్కరిస్తే, ప్రజాప్రయోజనానికి పెద్దపీట వేసే సెక్షన్ 8(2)ను ఉదహరిస్తూ 30 రోజుల్లోగా మొదటి అప్పీలు చేయండి.