ఇంగ్లిష్ పరిశోధన వ్యాసంలో చివరి మాట ముందుకు

తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో పరిశోధన వ్యాసం రాస్తే, ‘మీ వాదన ఏమిటి?’ అన్న ప్రశ్నతో ఇంగ్లిష్ పత్రిక నుంచి తిరిగి వస్తుంటుంది. మనం నేపథ్యమంతా పరిచి అసలు మాట చివర చెబుతాం. అక్కడ దాన్ని మొదటి పేజీలోనే వెతుకుతారు.

చిత్తుప్రతి మీకు అలవాటైనట్టే రాయండి. తర్వాత ముగింపులోని చివరి రెండు వాక్యాలు తీసి మొదటి పేరాలో పెట్టండి. ‘అందువల్ల’, ‘ఇది’ వంటి మాటలు పైకి వస్తే దేని గురించో పేరుతో రాయండి. చెరువుల పూడిక మీద నా వ్యాసం కాకతీయుల పాకాల చెరువుతో మొదలై, అసలు విషయం ఆరో పేజీలో తేలింది. ఇలా మార్చాక ఆ చరిత్రకు నాలుగు వరుసలే చాలాయి. పని అరగంటలో అయింది.

తెలుగు పత్రికకు రాసే సాహిత్య విమర్శకు మాత్రం ఇది పనికిరాదు. అక్కడ మెల్లగా విప్పుకుంటూ పోవడమే అందం.