ఇన్‌డిజైన్‌లో ఒత్తులు విడిపోతుంటే: కొత్త వెర్షన్ కొనే ముందు చూడాల్సినవి (సమస్య - పరిష్కారం)

"సీఎస్6 వదిలేసి కొత్తదానికి మారిపోనా అన్నా?" అని ఫోన్ వస్తుంది. సీఎస్6 అంటే పేజీలు కట్టే అడోబ్ ఇన్‌డిజైన్‌లో, చందా లేని పాత వెర్షన్. ఎందుకురా అంటే, సగం మంది చెప్పేది ఒకటే: యూనికోడ్ తెలుగు పెడితే ఒత్తులు పక్కకి పోతున్నాయి. డబ్బు కట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. కొత్త డాక్యుమెంట్ తెరిచి, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్ పెట్టి "స్త్రీ" అని కొట్టండి. విడిపోతే తప్పు వెర్షన్‌ది కాదు, కింద చెప్పే సెట్టింగ్‌ది. ఇది చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది కానీ చేసినవాళ్ళు తక్కువ.

సమస్య: స్త్రీ, జ్ఞానం, క్షేమం ముక్కలవుతున్నాయి

ముందు ఆ మేటర్ యూనికోడో కాదో తేల్చుకోండి. సెలెక్ట్ చేసి ఏరియల్ పెట్టండి. ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తే అది అను లాంటి పాత ఫాంట్ల మేటర్. దాన్ని యూనికోడ్‌లోకి కన్వర్ట్ చేయాల్సిందే, ఏ వెర్షనూ తనంతట తాను మార్చి పెట్టదు. తెలుగు తెలుగులాగే ఉన్నా, ఖాళీ డబ్బాలు కనిపించినా యూనికోడే.

కారణం: కంపోజర్, అంటే అక్షరాల్ని పేర్చి లైన్లు కట్టే సెట్టింగ్. పాత ఫాంట్లలో ఒత్తు, గుడి, తలకట్టు దేని బొమ్మ దానిదే. మనం వరసగా పేరిస్తే సాఫ్ట్‌వేర్ అలాగే చూపించేది, అతికే బాధ్యత దానికి లేదు. యూనికోడ్‌లో అలా కాదు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని కోడ్‌లు మాత్రమే వెళ్తాయి, వాటిని కలిపి "స్త్రీ"గా దించాల్సింది సాఫ్ట్‌వేరే. మామూలు అడోబ్ పారాగ్రాఫ్ కంపోజర్‌కి ఆ పని రాదు. వరల్డ్-రెడీ కంపోజర్‌కి వచ్చు. 2012లో వచ్చిన సీఎస్6లోనే అది ఉంది! పారాగ్రాఫ్ ప్యానెల్ మూలన ఉన్న మెనూ నొక్కితే కిందివైపు కనిపిస్తుంది.

ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. నన్ను ముంచింది దీని తర్వాతది.

ఒక సావనీర్ పని. పాత టెంప్లేట్‌లో తెలుగు విడిపోతోందని ఏడాది చందా కట్టి కొత్త వెర్షన్‌కి మారాను. అదే టెంప్లేట్ తెరిచాను, అవే ముక్కలు. మొత్తం సెలెక్ట్ చేసి వరల్డ్-రెడీ పెట్టాను, అన్నీ చక్కగా అతుక్కున్నాయి. ప్రూఫ్ కూడా ఓకే అయింది. ఆ రాత్రి మా కుర్రాడు స్టైల్ పేరు పక్కన ప్లస్ గుర్తు (స్టైల్‌లో లేని మార్పు ఉందని దాని అర్థం) చూసి, శుభ్రం చేద్దామని ఆల్ట్ పట్టుకుని స్టైల్ మీద నొక్కాడు. నేను చేత్తో పెట్టిన కంపోజర్ ఎగిరిపోయి, స్టైల్‌లో ఉన్న పాతది తిరిగొచ్చింది. అదీ వాడు నొక్కిన పేజీల్లోనే. ప్లేట్లు వేశాక "జ్ఞాపిక" కాస్తా పొల్లుతో రెండు ముక్కలై కనిపించింది. తప్పు వాడిది కాదు, స్టైల్ మార్చని నాది.

పరిష్కారం: చేత్తో మార్చకండి. పారాగ్రాఫ్ స్టైల్‌ని డబుల్ క్లిక్ చేసి, జస్టిఫికేషన్‌లోకి వెళ్ళి, కంపోజర్ దగ్గర వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ పెట్టండి. బేసిక్ పారాగ్రాఫ్‌లో మారిస్తే, దాని మీద ఆధారపడ్డ స్టైల్స్ చాలావరకు వాటంతటవే మారతాయి. నో పారాగ్రాఫ్ స్టైల్ మీద కట్టినవి మారవు, ఒక్కొక్కటి తెరవాలి. వేరే ఫైల్ నుంచి పేస్ట్ చేస్తే దాని స్టైల్ కూడా వెంట వస్తుంది, దాన్నీ చూడండి. కొత్త ఫైళ్ళకి అసలు ఈ గొడవే ఉండకూడదంటే, డాక్యుమెంట్లన్నీ మూసేసి ఖాళీ స్క్రీన్ మీద ఉండగా బేసిక్ పారాగ్రాఫ్ స్టైల్ తెరిచి వరల్డ్-రెడీ పెట్టండి. అదే డిఫాల్ట్ అయిపోతుంది.

ఫోటోషాప్ సీసీ (చందా వెర్షన్) పాతవి వాడేవాళ్ళకీ ఇదే జబ్బు, చోటు వేరు: పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ లేఅవుట్.

సమస్య: ఫోటోషాప్ నత్తలా నడుస్తోంది

సీ డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందో చూడండి. స్క్రాచ్ డిస్క్ (ఫోటోషాప్ పని మధ్యలో తాత్కాలికంగా వాడుకునే చోటు) అక్కడే ఉండి, డ్రైవ్ నిండిపోయి ఉంటే ఏ వెర్షనైనా ఇంతే. వేరే ఎస్‌ఎస్‌డీకి మార్చండి. కొత్త వెర్షన్ ర్యామ్ ఇంకా ఎక్కువ తింటుంది.

సమస్య: కస్టమర్ పంపిన ఫైల్ తెరుచుకోవట్లేదు

కొత్త వెర్షన్లో చేసినవి నెలకి ఒకటి రెండు వస్తే, ఐడీఎమ్ఎల్‌గా (పాత వెర్షన్లు కూడా తెరవగల ఇన్‌డిజైన్ ఫైల్ రకం) సేవ్ చేసి పంపమనండి, సీఎస్6 తెరుస్తుంది. లైన్లు కొంచెం జరగొచ్చు, పీడీఎఫ్‌తో పోల్చుకోండి. రోజూ అలాంటివే వస్తుంటే మాత్రం లెక్క వేరు, మారండి. మ్యాక్ వాడుతూ 2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ కాటలీనాకో ఆ తర్వాతి దానికో వెళ్ళినవాళ్ళకి ఎటూ దారి లేదు, ఇన్‌డిజైన్ సీఎస్6 అందులో నడవదు.

కొత్త కెమెరా రా ఫైల్ (కెమెరా నేరుగా ఇచ్చే ముడి ఫోటో) ఫోటోషాప్‌లో తెరుచుకోకపోతే అడోబ్ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్ చాలు. గ్రాఫిక్స్ కార్డు తేడాలు అరుదు, డ్రైవర్ అప్‌డేట్ చేసి వదిలేయండి.

మారాలనే తేల్చుకుంటే

సీఎస్6ని అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. పేజ్‌మేకర్ (ఇన్‌డిజైన్‌కి ముందటి అడోబ్ పేజీ సాఫ్ట్‌వేర్) ఫైళ్ళని తెరిచే చివరి ఇన్‌డిజైన్ అదే, సీసీలు తెరవవు. ఫాంట్ల ఫోల్డర్‌లో పీఎఫ్‌బీ, పీఎఫ్‌ఎమ్ ఫైళ్ళుంటే అవి టైప్ 1 ఫాంట్లు. 2023 జనవరి నుంచి అడోబ్ వాటికి సపోర్ట్ ఆపేసింది, కొత్త వెర్షన్లో ఆ ఫాంట్లు మిస్సింగ్ అని వస్తాయి. చందా ఆపేయాలనుకున్న నెలలో, గడువు అయ్యేలోపే చేతిలో ఉన్న పనులన్నీ ఐడీఎమ్ఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. కొత్త వెర్షన్లో సేవ్ చేసిన ఇన్‌డిజైన్ ఫైల్‌ని సీఎస్6 నేరుగా తెరవదు.