చంద్రగిరి కోట తోటలో పనికి విదేశాల నుంచి వచ్చినవారికి

దుబాయ్‌లోనో మస్కట్‌లోనో హోటల్ తోటలు చూసుకున్నవారైనా, ఇంగ్లండ్‌లోనో ఆస్ట్రేలియాలోనో హార్టికల్చర్ చదివినవారైనా, తిరుపతి దగ్గరి చంద్రగిరి కోట తోటలో పనికి చేరితే మొదట్లో తికమక పడతారు. మొక్కలు తెలిసినవే, పనీ తెలిసిందే. అయినా ప్రతి చిన్నదానికీ ఎవరో ఒకరు ‘ఆగండి సార్, అడిగి చేద్దాం’ అంటారు. నేను ఈ ఊరివాణ్నే, తోటపని చూస్తూ పెరిగినవాణ్ని. అడిగినవారికల్లా విడివిడిగా చెప్పేది ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. హోటల్ తోటలో మొక్కే రాజు. ఇక్కడ గోడ రాజు. కోట ఉంది కాబట్టి తోట ఉంది. మొక్కకూ గోడకూ తగువొస్తే మొక్కే పోవాలి. ఇది ఒప్పుకోవడానికి మనసు రాదు, ముఖ్యంగా పచ్చదనం తెప్పించడమే గొప్పగా నేర్చుకున్నవారికి.

ఎందుకో చెప్తాను. కోటలో రాజమహల్ మూడంతస్తులు, రాణీమహల్ రెండంతస్తులు. రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కలప వాడలేదు. సున్నపు గోడ నీళ్లు తాగుతుంది. గోడకు దగ్గరగా స్ప్రింక్లర్ పెట్టారనుకోండి, తడి పునాది నుంచి పైకి పాకుతుంది. నేలలో ఉన్న ఉప్పులు, మీరు వేసిన యూరియా, పొటాష్ అన్నీ ఆ తడితో పాటే గోడెక్కుతాయి. ఎండకు నీరు ఆరిపోతుంది, ఉప్పు మాత్రం గారలోనే ఉండిపోయి గట్టిపడుతుంది. అది ఉబ్బినప్పుడల్లా గార పొరలు పొరలుగా రాలుతుంది. ఏ పాత గోడనైనా మోకాలి ఎత్తులో గమనించండి. తెల్లగా పొడి పట్టిన గీత కనిపిస్తే, పక్కన ఎవరో ప్రేమగా పూలమొక్కలు పెంచుతున్నారని అర్థం.

అందుకే గల్ఫ్ నుంచి వచ్చినవారికి నేను మొదట చెప్పేది: మీకు వచ్చిన డ్రిప్ పని ఇక్కడ బంగారం. బొట్టు బొట్టుగా పాదులోకే నీళ్లు పోయేలా చూడటం, లీకేజీ ఎక్కడుందో పైపు మీద చెయ్యి పెట్టి కనిపెట్టడం, నీటిని పొదుపుగా వాడటం మీకు అలవాటే. ఇక్కడ చాలామంది పైపు పట్టుకుని వరదలా పెడతారు. వాళ్లను తప్పుబట్టొద్దు, చేసి చూపించండి. గోడ వైపు వాలు లేకుండా పాదు కట్టించండి.

అదే గల్ఫ్ నుంచి తెచ్చుకోకూడనిది కూడా ఒకటుంది, కోనోకార్పస్ చెట్టు. అక్కడ రోడ్ల పక్కన, కాంపౌండ్ల చుట్టూ చూసి చూసి, ‘తొందరగా పెరుగుతుంది, ఎండకు తట్టుకుంటుంది, నాలుగు నాటుదాం’ అంటారు. దాని వేళ్లు నీటి కోసం పైపుల్లోకీ పునాదుల్లోకీ దూరతాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటొద్దని నిషేధించింది. కోట దగ్గర దాని పేరే ఎత్తకండి.

రావి, జువ్వి, మర్రి సంగతి ఇంకో రకం. గోడల మీద వీటిని ఎవరూ నాటరు, పిట్టలు నాటుతాయి. రెట్టలో పడిన గింజ ఇటుకల సందులో మొలుస్తుంది. చిన్న మొక్కే కదా, చేత్తో పీకేద్దాం అనిపిస్తుంది. కానీ రెండాకుల దశ దాటిందంటే వేరు అప్పటికే ఇటుక వెనక్కి పోయి ఉంటుంది. లాగితే పైన కాడ తెగి లోపల వేరు మిగులుతుంది, అది మళ్లీ చిగురిస్తుంది. లేదంటే సున్నం పెళ్లతో సహా ఊడి చేతికొస్తుంది. ఆ పని కట్టడాల మరమ్మతు చూసే కన్జర్వేషన్ వాళ్లది. వాళ్లు కాండం కోసి, వేరు చంపి, సందును మళ్లీ సున్నంతోనే పూడుస్తారు, సిమెంటుతో కాదు. మీరు చేయాల్సింది ఫొటో తీసి, ఏ గోడ, ఏ దిక్కు, నేల నుంచి ఎంత ఎత్తు అని రాసి ఇవ్వడం. వానలు తగ్గాక డిసెంబర్ చివర్లో గోడల వెంట ఒక చుట్టు తిరగండి. మొలకలు ఎంత లేతవైనా అప్పుడు పచ్చగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

తవ్వకం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. పెద్ద గుంత తీయాలన్నా, కొత్త పైపు లైను వేయాలన్నా, చెట్టు కొట్టాలన్నా పైవాళ్ల అనుమతి కావాలి. పార దింపుతుంటే పెంకు ముక్క, ఇటుక వరుస, పూస, నాణెం ఏది తగిలినా అక్కడే ఆపేయండి. దాన్ని బయటికి తీసి కడిగి ఆఫీసుకు పట్టుకెళ్తే మెచ్చుకుంటారని అనుకోకండి. ఎక్కడ, ఎంత లోతులో దొరికిందన్నదే వాళ్లకు ముఖ్యం, కదిపితే ఆ ఆధారం పోతుంది. కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ వేయొచ్చని 2010 సవరణ తర్వాతి చట్టం చెబుతోంది. కూలీకి వచ్చిన మనిషికి ఇది తెలియకపోవచ్చు. పని పురమాయించింది మీరే కాబట్టి మాట పడేదీ మీరే.

పచ్చిక మీద నా అభిప్రాయం కొందరికి నచ్చదు. కట్టడాల ముందు ఇలా పచ్చిక పరచడం రాయల కాలం నాటి అలవాటు కాదు, బ్రిటిష్ వాళ్ల నుంచి వచ్చింది. 1899 నుంచి 1905 వరకు వైస్రాయ్‌గా ఉన్న కర్జన్ తాజ్‌మహల్ తోటను తన అభిరుచికి తగ్గట్టు తీర్చిదిద్దించాడు. ఆ పద్ధతే దేశమంతా పాకింది. పురావస్తు శాఖ ఉద్యాన విభాగం కేంద్రం ఇప్పటికీ ఆగ్రాలోనే ఉంది. మన ఎర్ర గరప నేలలో, మే నెల ఎండలో, పచ్చిక నిలబెట్టడానికి అయ్యే నీళ్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అలాగని మీరు వచ్చీ రాగానే పచ్చిక తీసేద్దామని లెటర్ పెట్టకండి. ఉన్నదాన్ని బాగా చూసుకోండి. ఎండాకాలంలో మరీ పొట్టిగా కోయొద్దు, కాస్త ఎత్తు ఉంచితే వేరు చల్లగా ఉంటుంది. మెక్సికన్ గడ్డి చచ్చిన చోట గరిక తనంతట తానే వస్తుంటే ప్రతిసారీ పీకించకండి. ఈ నేల ఎరిగిన గడ్డి అది.

ఇక కాలాలు. కోస్తాలోనో తెలంగాణలోనో తోటపని తెలిసినవారు ఇక్కడ మోసపోయేది ఇక్కడే. జూన్ వచ్చింది కదా, మొక్కలు నాటేద్దాం అంటారు. నైరుతి వానలు ఇక్కడ అరకొరగా, సాయంత్రం ఉరుముల జల్లులుగా పడతాయి. అసలు వాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. జూన్‌లో నాటిన మొక్కకు ఆ వానలు వచ్చేదాకా మీరే నీళ్లు మోయాలి. నేనైతే గుంతలు ముందే తీయించి, పశువుల ఎరువూ వేపపిండీ కలిపి ఆరబెట్టించి, మంచి జల్లులు మొదలయ్యాక నాటిస్తాను. వేపపిండి మానొద్దు, చెదలు ఎక్కువ. నవంబర్‌లో వాయుగుండం పట్టిందంటే రాత్రికి రాత్రే నీళ్లు నిలుస్తాయి. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు చెరువులైన సంగతి, స్వర్ణముఖి పొంగిన సంగతి ఎవరిని అడిగినా చెబుతారు. కాబట్టి దీపావళి లోపల కాలువలన్నీ ఆకు, మట్టి తీయించి శుభ్రం చేయించాలి. గోడ మొదట్లో ఒక్క గంట నీళ్లు నిలిచినా ఊరుకోకూడదు.

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, ఇక్కడ అది మాటవరసకు అనేది కాదు. మే నెలలో తెల్లవారుజామున మొదలుపెట్టి పది, పదిన్నరకల్లా బయటి పని ముగించండి. మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాతే. ఏసీలో నుంచి వచ్చినవారు మధ్యాహ్నం ఎండలో వీరత్వం చూపించొద్దు. పనివాళ్లు తెచ్చుకునే రాగి అంబలి ఒక గ్లాసు అడిగి తాగండి, సంతోషంగా పోస్తారు. వాళ్లలో కలిసిపోవడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి అలవాటు చేసుకుంటే ఇంకా మంచిది.

పనివాళ్లలో సగం మందికి తమిళం కూడా వస్తుంది, వాళ్ల తెలుగులోనూ ఆ యాస ఉంటుంది. ‘ఈడ తవ్వద్దు సార్, పెద్దసారుకు చెప్పాల’ అంటే విసుక్కోకండి, వాళ్లు చెప్పేది చాలావరకు సరైనదే. వయసులో పెద్దవారిని అన్నా, అక్కా అనండి. మీకన్నా చిన్నవాడైనా, ఎప్పటి నుంచో పైపు పట్టుకున్న మనిషిని ‘ఒరేయ్’ అన్నారో, మర్నాటి నుంచి మీకు ఏ సంగతీ చెప్పరు. తిరుపతి ఆటోవాళ్లు ‘యాడికి సామీ’ అంటే మిమ్మల్ని భక్తులనుకున్నారని అర్థం, రేటు కూడా అలాగే చెబుతారు.

రాజమహల్‌లోని మ్యూజియానికి శుక్రవారం సెలవు. గడ్డి కోసే మిషన్ తిప్పడం, మందు కొట్టడం లాంటి పనులు ఆ రోజుకు పెట్టుకుంటే జనంతో గొడవ తక్కువ. మిగతా రోజుల్లో మీరు తోటమాలే కాదు, గైడు కూడా. ‘అన్నా, ఇది ఎవరు కట్టించింది?’ అని పిల్లలు మిమ్మల్నే అడుగుతారు. పెనుకొండ తర్వాత విజయనగర రాయలకు చంద్రగిరి రాజధాని అయిందనీ, 1639లో మద్రాసు స్థలం ఇంగ్లిష్ కంపెనీకి దక్కినప్పుడు ఇక్కడి రాయలదే అధికారమనీ చెప్పగలిగితే చాలు. ప్రీ వెడ్డింగ్ ఫొటోల వాళ్లతోనే టెన్షన్. పూలమడిలో నిలబడతారు, గౌను అంచు గులాబీ ముళ్లకు తగులుకుంటే మన మీద అరుస్తారు. నవ్వుతూ పక్కకు తీసుకెళ్లి మంచి చోటు మీరే చూపించండి.

ఈ వృత్తిలో ఉన్నవాళ్లు తిరుమల ఒకసారి తోటల కోసం చూడాలి. రామానుజుల మాట మీద ఆయన శిష్యుడు అనంతాళ్వార్ కొండకొచ్చి స్వామి పూలకోసం తోట వేశాడని, చెరువు తవ్వుతుంటే సాయానికొచ్చిన పిల్లవాడి మీదికి గునపం విసిరాడని, అది తగిలింది స్వామి గడ్డానికేనని కథ. ఆ గునపాన్ని ఇప్పటికీ మహాద్వారం దగ్గర వేలాడదీసి ఉంచారు. లోపలికి వెళ్లేటప్పుడు తల పైకెత్తి చూడండి, మన పనిముట్టుకు అంత గౌరవం ఇంకెక్కడా చూడలేదు నేను. ఒక్క జాగ్రత్త: కొండ మీద పూలన్నీ స్వామివే, ఆడవాళ్లు తలలో పెట్టుకోరు. అలిపిరి దాటాక మాంసం, మద్యం, పొగాకు ఉండకూడదు, బండిలో మరిచిపోయినవైనా సరే తనిఖీలో దొరుకుతాయి.

ఇల్లు చంద్రగిరిలోనే చూసుకోవడం మేలు. తిరుపతిలో వసతులు ఎక్కువే, అక్కడి నుంచి 12 కిలోమీటర్లే, బస్సులకు కొదవ లేదు. కానీ బ్రహ్మోత్సవాలప్పుడూ వైకుంఠ ఏకాదశికీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పొద్దున నీళ్లు పెట్టే వేళ దాటిపోతుంది. మే నెలలో తిరుపతి గంగజాతర ఒకటి గుర్తుంచుకోండి. చాటింపు వేశాక పొలిమేర దాటకూడదని పట్టింపు ఉన్నవారు ఇంకా ఉన్నారు, వేషాలు కట్టే మొక్కులుంటాయి. ఊళ్లో ఉండే పనివాళ్లు ఆ వారం రారు. ఎండ ముదిరే వారమే అది, అందుకే ముందుగానే నీళ్లకు మనుషుల్ని మాట్లాడి పెట్టుకోండి.

పాములు, తేళ్లు ఉంటాయి. ఎండుటాకుల కుప్పలో చెయ్యి పెట్టొద్దు, కర్రతో కదపండి, బూట్లు దులిపి వేసుకోండి. పాము కరిస్తే మంత్రం దగ్గరికీ నాటువైద్యం దగ్గరికీ కాదు, నేరుగా తిరుపతి రుయా ఆసుపత్రికి వెళ్లండి. శేషాచలం అడవి పక్కనే కాబట్టి చిరుతల మాట కూడా అప్పుడప్పుడు వింటారు. చీకట్లో ఒంటరిగా గుట్ట వైపు మోటార్ ఆపడానికి వెళ్లొద్దు.

కాగితాల పని త్వరగా తెమల్చండి. చంద్రగిరి 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. మీ పాత ఆధార్‌లో, పాస్‌పోర్టులో చిత్తూరు జిల్లా అనే ఉంటే ఫారాలన్నిట్లో ఒకే తీరుగా రాసేలా ముందే సరిచేయించుకోండి. ఇక్కడే ఉండిపోవాలని వచ్చినవారు తమ ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల (విదేశాల్లో ఉండేవారికిచ్చే బ్యాంకు ఖాతాల) సంగతి బ్యాంకులో చెప్పి మామూలు రెసిడెంట్ ఖాతాగా మార్పించుకోవాలి. జీతం ఏ ఖాతాలో పడాలో ఆ తర్వాతే ఆఫీసులో రాసివ్వండి.